ఎడమవైపు సైడ్ మిర్రర్ అద్దం పగిలింది: అద్దం ఒక్కటే ఇంట్లో మార్చుకోవచ్చా?

బుచ్చి బాటసారి (బుచ్చిరెడ్డిపాళెం):

అందరికీ నమస్కారం. నేను ప్రతిరోజూ ఉద్యోగానికి ముంబై రోడ్డు మీదుగా నెల్లూరు వెళ్ళి వస్తుంటాను. నాది పదేళ్ళ నాటి చిన్న కారు. మధ్యస్థాయి వేరియంట్ కావడం వల్ల సైడ్ మిర్రర్లను లోపలి స్విచ్‌తో పైకీ కిందికీ తిప్పుకోవచ్చు గానీ, మడవడం మాత్రం చేత్తోనే చేయాలి. మిర్రర్ డొప్ప మీదే ఇండికేటర్ దీపం కూడా ఉంది.

మా వైపు కోతలు ముగిసి గడ్డి తోలుకుంటున్న రోజులివి. గత ఆదివారం కారు వీధిలో నిలిపి ఉండగా, రెండు పక్కలా బారెడేసి బయటికి వచ్చేలా వరిగడ్డి వేసుకున్న ట్రాక్టరు పక్కనుంచి వెళ్ళింది. గడ్డి మెత్తనిదే కదా అని నేను అరుగు మీద నిశ్చింతగా కూర్చుని చూస్తున్నాను. గడ్డికి కట్టిన మోకు వేలాడుతూ వచ్చి మిర్రర్‌కు తగులుకుని, దానిని విరిచినట్లుగా ముందుకు లాగేసింది. డొప్ప మీద గీతలు తప్ప మరేమీ కాలేదు, ఇండికేటర్ వెలుగుతోంది, స్విచ్ నొక్కితే లోపల మోటారు తిరుగుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. అద్దం మాత్రం సాలెగూడులా పగిలి, కింది మూలన రెండు పెచ్చులు రాలిపోయాయి. ట్రాక్టరు నడిపే కుర్రవాడు దిగివచ్చి చాలా బాధపడ్డాడు కనుక ఆ సంగతి అక్కడితో వదిలేశాను.

సర్వీస్ సెంటరులో అడిగితే అద్దం విడిగా రాదని, డొప్ప, మోటారుతో సహా మొత్తం అసెంబ్లీయే మార్చాలని, రంగుతో కలిపి ఐదు వేల రూపాయలు దాటుతుందని చెప్పారు. నెల్లూరులో స్పేర్ పార్టుల దుకాణంలో విచారిస్తే ప్లాస్టిక్ ప్లేటుతో సహా అద్దం ఐదు వందల లోపే వస్తుందన్నారు. పటాలకు అద్దాలు బిగించే దుకాణం వారైతే పాత అద్దం ఆకారానికి గాజు కోసి అతికిస్తాం, నూట యాభై ఇవ్వండి అన్నారు. ఈ మూడింటిలో ఏది సరైనది? చేతిపని పెద్దగా తెలియని నావంటివాడు ఇంటి వాకిట్లో ఈ పని చేయగలడా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

కర్నూలు రోడ్డు (ఒంగోలు):

నమస్కారమండి. నేను మెకానిక్‌ను కాను, పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి విరమించుకున్నవాడిని. మా ఇంటి కార్లకు ఇప్పటికి ఐదుసార్లు అద్దాలు మార్చాను, వాటిలో రెండు నా చేతిలోనే పగిలాయి కనుక చెప్పే అర్హత ఉందనుకుంటున్నాను.

మీ పని మీరు నిక్షేపంగా చేసుకోవచ్చు. డొప్ప, మోటారు, ఇండికేటరు బాగున్నప్పుడు అసెంబ్లీ మొత్తం మార్చడమంటే గుండీ ఊడినందుకు చొక్కా కొత్తది కొనడమే అవుతుంది. మీకు కనిపించే గాజు నేరుగా డొప్పకు అతికి ఉండదు. గాజు వెనుక దాని ఆకారంలోనే ఒక ప్లాస్టిక్ ప్లేటు ఉంటుంది, ఆ ప్లేటు వీపున నడిమధ్యన ఒక గుండ్రటి గాడి, దాని చుట్టూ పళ్ళవంటి క్లిప్పులు ఉంటాయి, అవి డొప్ప లోపలి మోటారు ముఖాన్ని పట్టుకుని కూర్చుంటాయి. మరలు, బోల్టులు ఏవీ ఉండవు. అందువల్ల మీరు కొనవలసింది ప్లేటుతో సహా వచ్చే అద్దమే, ఉత్త గాజు కాదు. కొనేటప్పుడు కారు మోడల్, తయారైన సంవత్సరం, ఎడమదా కుడిదా అన్నవి చెప్పడంతోపాటు, ఇది స్విచ్‌తో తిరిగే రకమని తప్పక చెప్పండి. లోపలి పుల్లతో తిప్పే రకానికి, మోటారు రకానికి ప్లేటు వెనుక అమరిక చాలా మోడళ్ళలో వేరుగా ఉంటుంది. నా చేతిలో పగిలిన రెండింటిలో ఒకటి ఈ తేడా గమనించక, కూర్చోని దానిని కూర్చోబెట్టబోయి పగలగొట్టిందే.

ఇక పని సంగతి. ముందుగా పగిలిన అద్దం మీద వెడల్పాటి ప్యాకింగ్ టేపును అడ్డంగా, నిలువుగా వరుసలు వరుసలుగా అతికించండి. అలా చేస్తే ఊడదీసేటప్పుడు పెచ్చులు కింద రాలవు. కారు కింద ఒక పాత దుప్పటి పరచండి, ఎందుకంటే మన వాకిళ్ళలో పిల్లలు చెప్పులు లేకుండా తిరుగుతుంటారు, ఇసుకలో కలిసిన గాజు ముక్క నెల తర్వాతైనా కాలిలో దిగుతుంది. చేతులకు మందపాటి తొడుగులు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. కారు ఆపి, తాళంచెవి తీసేయండి.

అద్దం లోపలి అంచును, అంటే కారు తలుపు వైపున ఉన్న అంచును, బొటనవేళ్ళతో లోపలికి నొక్కితే బయటి అంచు డొప్పలోంచి పైకి లేస్తుంది. ఆ సందులో చెక్కదో ప్లాస్టిక్‌దో ఒక పలచని పరికరం దూర్చి, వేళ్ళు కూడా దూరేంత చోటు చేసుకుని, ప్లేటు వెనుక భాగాన్ని పట్టుకుని నెమ్మదిగా మీ వైపు లాగండి. గాజును పట్టుకోకండి, ప్లేటును పట్టుకోండి. ఇనుప స్క్రూడ్రైవర్ వాడితే డొప్ప అంచు చితికి, ఆ మచ్చ కారున్నంతకాలం కనిపిస్తుంది. ఒక్కొక్క క్లిప్పు విడివడినప్పుడల్లా ఏదో విరిగిందేమో అన్నంత గట్టిగా చప్పుడు వస్తుంది, కంగారు పడి మధ్యలో ఆపకండి. చలి దేశాల్లో ఈ ప్లాస్టిక్ పెళుసుబారి విరుగుతుంది కనుక హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టమని చెబుతారు. నెల్లూరు ఎండకు ఆ అవసరం లేదు, ఉదయం ఎనిమిది గంటల ఎండలో కారును అరగంట ఉంచితే ప్లాస్టిక్ తగినంత సాగుతుంది. మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు, డొప్ప చెయ్యి కాల్చేంత వేడెక్కుతుంది.

అద్దం చేతిలోకి వచ్చాక ఒక్కసారిగా దూరంగా లాగకండి. కొన్ని పై వేరియంట్లలో అద్దం మీది మంచును, ఆవిరిని పోగొట్టే హీటరు ఉంటుంది, దాని తీగలు రెండు ప్లేటు వెనుక చదునైన కప్లర్లకు తగిలించి ఉంటాయి. ఉంటే వాటిని వేళ్ళతో ఊడదీయండి, తిరిగి పెట్టేటప్పుడు ఏ తీగ ఎటు అన్న పట్టింపు ఆ హీటరుకు లేదు. మీ వేరియంట్‌లో బహుశా ఉండదు.

కొత్తది బిగించేముందు డొప్ప లోపల దుమ్మును మెత్తటి బ్రష్‌తో దులపండి. మోటారు ముఖం ఒక పక్కకు వాలి ఉంటే స్విచ్‌తో దానిని మధ్యకు తెచ్చుకోండి. ప్లేటు మధ్యగాడిని మోటారు మధ్యభాగానికి సరిగ్గా ఎదురుగా ఉంచి, అద్దం మీద మడిచిన గుడ్డ వేసి, అరచేతిని పూర్తిగా ఆనించి నడుమ భాగంలో నొక్కండి. అంచుల దగ్గర బొటనవేలితో నొక్కడం వల్లనే నా రెండో అద్దం పగిలింది. ‘టక్, టక్’ మని క్లిప్పులు ఒక్కొక్కటే పట్టుకున్న చప్పుడు వినాలి. ఆ తర్వాత స్విచ్‌తో నాలుగు వైపులా చివరికంటా తిప్పి, ఎక్కడా డొప్పకు ఒరుసుకోవడం లేదని చూసుకుంటే పని అయినట్లే. తీరిగ్గా చేసినా ముప్పావుగంట పట్టదు.

ఒకవేళ ఎప్పుడైనా డొప్ప విరిగి అసెంబ్లీయే మార్చవలసి వస్తే, అదీ మరీ కొండంత పనేమీ కాదు. తలుపు లోపలి వైపు, మిర్రర్‌కు సరిగ్గా వెనుక ముక్కోణం ఆకారంలో ఒక ప్లాస్టిక్ మూత ఉంటుంది. అది తీస్తే చాలా కార్లలో మూడు బోల్టులు, ఒక కప్లరు కనిపిస్తాయి, ఎక్కువగా పది నంబరు స్పానరే సరిపోతుంది. విప్పేముందు అక్కడి కంతలో గుడ్డ కుక్కండి, జారిన బోల్టు తలుపు అడుగుకు పడితే డోర్ ప్యాడ్ అంతా ఊడదీయవలసి వస్తుంది. చివరి బోల్టు విప్పేటప్పుడు బయట మరొకరు మిర్రర్‌ను పట్టుకుని ఉండాలి, లేకుంటే అది తీగ మీద వేలాడుతుంది. కొత్తది పెట్టేటప్పుడు దాని కింది రబ్బరు వాసరు మడత పడకుండా చూడండి. మడత పడితే వానకు నీళ్ళు లోపలికి వస్తాయి, హైవే మీద ఈల వేసినట్లు గాలి చప్పుడు వస్తుంది. మిర్రర్‌లో కెమెరా ఉన్న కార్లకు, డోర్ ప్యాడ్ విప్పితే తప్ప అందని కార్లకు మాత్రం ఈ సాహసం వద్దు. తలుపులో ఎయిర్‌బ్యాగ్‌కు సంబంధించిన సెన్సర్లు ఉండవచ్చు, కెమెరాకు తిరిగి కొలతలు సరిచేయించాలి. అవి సర్వీస్ సెంటరు పనులే.

కందుకూరు కాపురం (కందుకూరు):

పై సమాధానంలో ఒక్క విషయం మిగిలింది, అది నూట యాభై రూపాయల గాజు సంగతి. దయచేసి ఆ దారి తొక్కకండి, నేను తొక్కాను.

రెండేళ్ళ క్రితం నా కారు ఎడమ అద్దం పగిలినప్పుడు ఒక గాజుల దుకాణంలో అచ్చంగా ఆ ఆకారానికే గాజు కోయించి, పాత ప్లేటు మీద సిలికాన్‌తో అతికించుకున్నాను. చూడడానికి ముచ్చటగా, పాతదానికంటే ధగధగలాడుతూ ఉంది. మరునాడు సింగరాయకొండ దాటాక హైవే మీద ఎడమ లేనులోకి మారబోతుంటే, అద్దంలో ఏమీ లేదు, పక్కనే మోటారు సైకిలు హారన్ వినిపించింది. అతను నా వెనుక తలుపు పక్కనే ఉన్నాడు. దేవుడి దయవల్ల ఇద్దరమూ బయటపడ్డాం.

కారణం తర్వాత తెలిసింది. కారు ఎడమ అద్దం ఉబ్బుగా ఉండే కుంభాకార దర్పణం, అది వస్తువులను చిన్నవిగా చూపించి, దానికి బదులుగా ఎక్కువ వెడల్పు దృశ్యాన్ని పట్టుకుంటుంది. అందులో వస్తువులు ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తాయన్న హెచ్చరిక చాలా అద్దాల మీద చెక్కి ఉండేది అందుకే. ఇంట్లో తల దువ్వుకునే అద్దం సమతలం. దానిని అక్కడ పెడితే బొమ్మ పెద్దగా, అందంగా కనిపిస్తుంది గానీ పక్క లేను మొత్తం మాయమవుతుంది. ఈ తేడా కంటికి తెలియదు, స్టీలు స్కేలుకు తెలుస్తుంది. స్కేలు అంచును అద్దం మీద నిలబెట్టి చూడండి. ఉబ్బు అద్దమైతే నడుమ తాకి, రెండు చివర్లలో సన్నటి వెలుతురు సందు కనిపిస్తుంది. స్పేర్ పార్టుల దుకాణంలో కొనే అద్దాన్ని కూడా ఇలా చూసుకునే డబ్బులు ఇవ్వండి, చవక రకాల్లో సమతలం గాజు వేసినవీ వస్తున్నాయి.

ఆ అతికింపు కథ కూడా మంచిగా ముగియలేదు. మామూలు సిలికాన్ ఆరేటప్పుడు వెనిగరు వాసన వస్తుంది, అందులోంచి వచ్చే ఆమ్లం అద్దం వెనుక పూతను తినేస్తుంది. నాలుగు నెలల్లో నా కొత్త గాజు నడుమ నల్లటి మబ్బులు కమ్మాయి. అతికించక తప్పని పని ఏదైనా ఉంటే అద్దాలకు పనికొచ్చే న్యూట్రల్ సిలికాన్ అని అడిగి తెచ్చుకోవాలి.

మైపాడు చెరువుగట్టు (నెల్లూరు):

మార్చే సంగతి పెద్దలు చెప్పారు కనుక నేను కాపాడుకునే సంగతి చెబుతాను. మైపాడు వైపు మాకు రొయ్యల చెరువులు ఉన్నాయి, కారు రోజులో సగం సేపు గట్టు మీదే నిలబడి ఉంటుంది. ఒకవైపు సముద్రపు గాలి, మరొకవైపు చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్లు చిమ్మే ఉప్పునీటి తుంపర. సాయంత్రానికి అద్దం మీద వేలు పెట్టి నాలుకకు తాకిస్తే ఉప్పగా ఉంటుంది.

ఈ ఉప్పు అద్దం ముఖం మీద కంటే అంచుల్లో ఎక్కువ చెరుపు చేస్తుంది. గాజుకు, ప్లేటుకు మధ్య ఉన్న సన్నని సందులోకి తేమ చేరి, వెనుక పూతను అంచు నుంచి లోపలికి తింటూ వస్తుంది. మొదట ఆవగింజంత నల్లమచ్చ కనిపిస్తుంది, ఏడాదికి అది అర అంగుళం పాకుతుంది. మచ్చ వచ్చిందంటే తుడిచినా, పాలిష్ పెట్టినా పోదు, అద్దం మార్చడమే మార్గం. రాకుండా చేయగలిగింది మాత్రం ఉంది. వారానికి రెండుసార్లు మంచినీటితో ఉప్పును కడిగి, వెంటనే మెత్తటి గుడ్డతో అంచుల వెంబడి తడి లేకుండా అద్దాలి. గొట్టంతో నీళ్ళను జోరుగా సందులోకి కొట్టకూడదు, అక్కడ మోటారు, తీగలు ఉంటాయి. అద్దం శుభ్రం చేసే ద్రవాన్ని కూడా అద్దం మీద కాకుండా గుడ్డ మీద చల్లుకోవడం మంచిది.

మా ఊళ్ళో బోరు నీళ్ళు చప్పన కాదు కనుక కడిగి ఎండకు వదిలేస్తే తెల్లటి చారలు పడతాయి. ఒక పాలు వెనిగరు, ఒక పాలు నీళ్ళు కలిపి గుడ్డ తడిపి, రెండు నిమిషాలు ఆనించి ఉంచి తుడిస్తే అవి పోతాయి, తర్వాత మంచినీటి గుడ్డతో ఒకసారి తుడవాలి. వెనిగరును కూడా అంచుల్లోకి కారనివ్వకండి. టూత్‌పేస్టు, బూడిద, గిన్నెలు తోమే పీచు వంటి ఇంటి వైద్యాలు ఈ అద్దాలకు పనికిరావు. గీతలు పోవడం అటుంచి కొత్తవి పడతాయి.

మరొక్కటి. చేత్తో మడిచే మిర్రర్లను మడవకుండా నెలల తరబడి వదిలేస్తే ఉప్పుగాలికి లోపలి స్ప్రింగు బిగుసుకుపోతుంది. అలా బిగుసుకున్నదానికే పశువో, మనిషో, మీలాగా మోకో తగిలితే మడవవలసిన చోట విరుగుతుంది. వారానికి ఒకసారి మడిచి తెరవండి. బిగువుగా ఉంటే కీలు దగ్గర సిలికాన్ స్ప్రే కొద్దిగా కొట్టండి. గ్రీజు పెడితే ఇసుక అంటుకుని మరింత అరుగుతుంది. స్విచ్‌తో మడిచే రకాన్ని మాత్రం ఊరికే చేత్తో మడవకండి, లోపలి పళ్ళచక్రాలు గాడి తప్పుతాయి.

కావలి పాలసీ (కావలి):

నేను బీమా రంగంలో పనిచేస్తున్నాను. క్లెయిము చేస్తే మొత్తం అసెంబ్లీ ఉచితంగా వస్తుంది కదా అని ఇది చదివేవారిలో కొందరు అనుకోవచ్చు, అందుకే చిన్న లెక్క.

మీ పాలసీ థర్డ్ పార్టీ మాత్రమే అయితే ఏమీ రాదు. సమగ్ర పాలసీ ఉన్నా, జీరో డిప్రీసియేషన్ (పాతబడిన భాగాలకు తరుగు తీయని అదనపు రక్షణ) లేని సాధారణ పాలసీలో ప్లాస్టిక్ భాగాల విలువలో 50 శాతం తగ్గించే చెల్లిస్తారు. గాజుకు ఆ తరుగు లేదు గానీ మిర్రర్ అసెంబ్లీలో ఎక్కువ భాగం ప్లాస్టిక్కే. ఆ మీదట 1500 సీసీ లోపు కార్లకు ప్రతి క్లెయిములోనూ తప్పనిసరిగా మీరు భరించవలసిన 1,000 రూపాయలు ఉంటాయి. ఐదు వేల బిల్లులో చివరికి మీకు దక్కేది చాలా తక్కువ. దానికోసం నో క్లెయిం బోనస్ పోగొట్టుకుంటారు. ఒక ఏడాది క్లెయిము లేకపోతే 20 శాతంతో మొదలై, వరుసగా ఐదేళ్ళు లేకపోతే ఓన్ డ్యామేజ్ (సొంత కారుకు జరిగే నష్టం) ప్రీమియంలో 50 శాతం దాకా ఇచ్చే రాయితీ అది. ఒక్క క్లెయిముతో మళ్ళీ సున్నాకు వస్తుంది. మిర్రర్ వంటి చిన్న నష్టాలను సొంత డబ్బుతో పెట్టుకొమ్మని నా పాలసీదారులందరికీ చెబుతుంటాను, నా వృత్తికి అది లాభమేమీ కాకపోయినా.

చీమకుర్తి నల్లరాయి (చీమకుర్తి):

చర్చ అద్దాల మీదే కనుక లోపలి అద్దం గురించి నా అనుభవం కూడా చేరుస్తున్నాను. గత మే నెలలో కారును క్వారీ దగ్గర ఎండలో నిలిపి సాయంత్రం తలుపు తీసేసరికి లోపలి అద్దం డ్యాష్‌బోర్డు మీద పడి ఉంది. చాలా కార్లలో ముందు గాజుకు అతికించిన ఒక చిన్న లోహపు బిళ్ళకు ఆ అద్దం తగిలించి ఉంటుంది, నాది ఆ బిళ్ళతో సహా ఊడింది.

మొదట అందరూ చేసే పనే చేశాను. ఐదు రూపాయల ఫెవిక్విక్‌తో అతికించాను, మూడోరోజు మళ్ళీ పడింది. ఎండకు గాజు ఒక లెక్కన, లోహం మరొక లెక్కన సాగుతాయి, గట్టిపడి పెళుసుబారే జిగురు ఆ లాగుడుకు తట్టుకోలేదు. ఈ పనికి ప్రత్యేకంగా రియర్ వ్యూ మిర్రర్ జిగురు దొరుకుతుంది, దానితోపాటు ముందుగా పూసే యాక్టివేటర్ ద్రవం కూడా ఉంటుంది. అతికించేముందు గాజు బయటివైపున బిళ్ళ ఉన్న చోటు చుట్టూ మార్కరుతో గీత గీసుకోండి, లేకుంటే తర్వాత ఎంత కొలిచినా వంకరే అవుతుంది. లోపలివైపు పాత జిగురును బ్లేడుతో పూర్తిగా గీకి, స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. బిళ్ళకు పైకొస ఏదో, కిందికొస ఏదో చూసుకోవాలి, తలకిందులుగా అతికిస్తే అద్దం దిగదు. జిగురు ఒక్క చుక్క చాలు. నిమిషంపాటు కదలకుండా అదిమి పట్టి, ఆ రోజుకు అద్దం తగిలించకుండా వదిలేయాలి. నేను నీడలో రాత్రంతా ఉంచి, మరునాడు సాయంత్రం తగిలించాను. ఒక వేసవి గడిచింది, మళ్ళీ పడలేదు.

ఆ అద్దానికి కింద ఉండే చిన్న మీట సంగతి చాలామందికి తెలియదు, మా బావగారు అది విరిగిన భాగమనుకున్నారు. రాత్రిపూట వెనుక లారీల లైట్లు కళ్ళలో కొడుతుంటే దానిని వెనక్కి తిప్పాలి. ఆ గాజు ఒకవైపు మందంగా, మరొకవైపు పలచగా ఉంటుంది. మీట తిప్పగానే వెనుక పూత నుంచి వచ్చే గట్టి వెలుగు కప్పు వైపుకు పోయి, ముందు గాజు ముఖం నుంచి వచ్చే వందకు నాలుగు పాళ్ళ వెలుగు మాత్రమే కంటికి చేరుతుంది.

మా ఊరి రాతి దుమ్ము గురించి ఒక మాట. పొడిగుడ్డతో దానిని తుడవడమంటే గరుకు కాగితంతో రుద్దడమే. ముందు నీళ్ళతో దుమ్మును పారబోసి, తర్వాతే గుడ్డ పెట్టాలి. క్వారీలో పనిచేసే ప్రతి డ్రైవరుకూ ఇది తెలుసు, తెలిసీ అందరూ చొక్కా అంచుతోనే తుడుస్తారు.

బుచ్చి బాటసారి:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నెల్లూరులో అద్దం కొన్నాను, నాలుగు వందల ఇరవై రూపాయలు అయింది. స్కేలు జేబులో పెట్టుకుని వెళ్ళాను. దుకాణదారు మొదట ఇచ్చిన అద్దం మీద స్కేలు చివరికంటా ఆనింది. రెండోది అడిగితే ఒక చూపు చూసి, లోపలికి వెళ్ళి మరొక రకం తెచ్చారు. దాని మీద సందు కనిపించింది.

ఆదివారం ఉదయం పని మొదలుపెట్టాను. ప్లాస్టిక్ పరికరం లేక, దోసెలకు వాడే చెక్క అట్లకాడను వంటింట్లోంచి తెచ్చుకున్నాను. అద్దం సులువుగానే వచ్చింది గానీ అట్లకాడ అంచు చీలింది, ఆ విషయంలో ఇంట్లో నామీద కేసు ఇంకా నడుస్తోంది. కొత్తది బిగించి, తిప్పి చూసి, అంతా బాగుందనుకున్నాను. అయితే నిన్న హైవే మీద వేగం డెబ్బై దాటగానే అద్దంలో దృశ్యం వణకడం మొదలైంది, వెనుక బస్సు రెండు బస్సులుగా కనిపించింది. వేగం తగ్గితే సర్దుకుంటోంది. అద్దం నాసిరకమా, లేక నా పనిలో లోపమా? ఇంకొక సందేహం, ఎడమ అద్దాన్ని ఎంతవరకు బయటికి తిప్పుకోవాలి?

కర్నూలు రోడ్డు:

లోపం అద్దంలో కాదు, కూర్చోవడంలో ఉంది. బిగించేటప్పుడు ఎన్ని చప్పుళ్ళు విన్నారు? పాత ప్లేటు వెనుక ఎన్ని క్లిప్పులు ఉన్నాయో లెక్కపెట్టి చూడండి. ఒక క్లిప్పు పట్టుకోకపోయినా స్విచ్‌తో తిప్పితే అద్దం చక్కగానే తిరుగుతుంది, గాలి ఒత్తిడి పెరిగినప్పుడే వణుకు బయటపడుతుంది. మళ్ళీ నొక్కి చూడండి. అప్పటికీ పట్టకపోతే బలవంతం చేయకుండా ఊడదీసి, లోపల ఏమైనా అడ్డం పడిందేమో టార్చి వేసి చూడండి.

ఇక తిప్పుకోవడం గురించి. లోపలి అద్దంలో వెనుక గాజు మొత్తం కనిపించాలి. సైడ్ మిర్రర్లలో సొంత కారు పక్కభాగాన్నే సగం అద్దం నిండా చూసుకునే అలవాటు మనవారిలో ఎక్కువ, ఆ చోటంతా వృథా. కుడి అద్దం సర్దుకునేటప్పుడు తలను కిటికీ గాజు దగ్గరికి, ఎడమది సర్దుకునేటప్పుడు తలను రెండు సీట్ల మధ్యకు వంచి, ఆ స్థితిలో కారు పక్కభాగం అంచు మాత్రమే కనిపించేలా పెట్టుకుంటే, నిటారుగా కూర్చున్నప్పుడు పక్క లేను చాలావరకు అందుతుంది. హైవేకు ఇది మంచి పద్ధతి. నెల్లూరు ట్రంకు రోడ్డులో మాత్రం మోటారు సైకిళ్ళు కారుకు జానెడు దూరంలో దూరి వస్తాయి కనుక, ఎడమ అద్దాన్ని కొద్దిగా లోపలికే ఉంచుకోవడం నాకు ఇష్టం. ఏ అమరికలోనైనా లేను మారేముందు ఒకసారి తల తిప్పి చూడవలసిందే.

బుచ్చి బాటసారి:

నాలుగు క్లిప్పులండి. నేను విన్నది మూడు చప్పుళ్ళే, నాలుగోది లెక్కపెట్టాలని తోచలేదు. ఈసారి అట్లకాడ జోలికి పోకుండా పాత ప్లాస్టిక్ స్కేలుతో అద్దం ఊడదీసి టార్చి వేసి చూశాను. మోటారు ముఖం కింది అంచున, క్లిప్పు పట్టుకోవలసిన గాడిలో అర అంగుళం వరిగడ్డి పరక ఒకటి మడతపడి ఇరుక్కుని ఉంది. ఆ రోజు మోకుతోపాటు లోపలికి దూరినట్లుంది, బ్రష్‌తో దులిపినప్పుడు రాలేదు. దానిని సూదితో లాగి, గుడ్డ వేసి అరచేత్తో నొక్కగానే నాలుగో చప్పుడు వినిపించింది. ఈ ఉదయం సంగం దాకా వెళ్ళి వచ్చాను, ఎనభైలో కూడా వెనుక బస్సు ఒక్కటే కనిపించింది.